ఎథీరియం నుంచి ఆర్బిట్రమ్‌కి యూఎస్‌డీసీ: ఏ బ్రిడ్జి మేలు?

అలిపిరి_డెవ్:
తిరుపతిలో చిన్న టీమ్ మాది. ఎథీరియం బ్లాక్‌చెయిన్‌లో సేఫ్ అనే ఉమ్మడి వాలెట్ ఉంది, ముగ్గురిలో ఇద్దరు సంతకం పెట్టాలి. అందులో 40,000 యూఎస్‌డీసీ (ఒక్కోటి ఒక డాలరు విలువుండే నాణెం) ఆర్బిట్రమ్ అనే ఇంకో చెయిన్‌కి తరలించాల. ఒక చెయిన్ నుంచి ఇంకోదానికి దాటించే బ్రిడ్జిల్లో ఫీజు తక్కువుండేది చూసుకుంటే చాలా? అవతల కూడా అదే అడ్రసుకి పంపచ్చా?

పాకాల_చైన్:
ఫీజు తర్వాత సంగతి అన్నా. అవతల చేతికొచ్చేది అసలు నాణెమా, చీటీనా? అలిపిరిలో లగేజీ ఇస్తే కొండమీద మన సంచే తీసుకుంటాం. చాలా బ్రిడ్జిలు సంచిని కిందే పెట్టి తాళం వేసి, పైన చీటీ ఇస్తాయి. కింద తాళం పోతే చీటీ చిత్తుకాగితమే. 2022 మార్చిలో రోనిన్ బ్రిడ్జికి జరిగింది ఇదే: ఆమోదం ఇచ్చే 9 వాలిడేటర్లలో 5 కీలు దొంగల చేతికి చిక్కాయి, తాళం తీయడానికి ఆ ఐదే చాలు. అంతకుముందు నెల వర్మ్‌హోల్ అనే బ్రిడ్జిలో సంతకం సరిచూసే కోడ్‌లో లోపం పట్టుకుని, సంచే ఇవ్వకుండా 1,20,000 ఈథర్‌కి (ఎథీరియం సొంత నాణెం) చీటీలు పుట్టించారు.

యూఎస్‌డీసీకైతే, దాన్ని జారీ చేసే సర్కిల్ కంపెనీ వాళ్లదే సీసీటీపీ అనే తరలింపు పద్ధతి ఉంది, అది వాడండి. ఇక్కడ బర్న్ (నాణెం చెరిపేయడం), అక్కడ మింట్ (కొత్తది పుట్టించడం). మధ్యలో దోచుకోడానికి నిల్వే ఉండదు. నమ్మాల్సింది సర్కిల్‌నే, యూఎస్‌డీసీ పెట్టుకున్నవాళ్లు ఆ నమ్మకం ముందే పెట్టేశారు.

మదనపల్లె_నోడ్:
అదే అడ్రసు అన్నారే, అక్కడ ఆగండి! సేఫ్ అంటే కాంట్రాక్టు, అంటే చెయిన్ మీద పెట్టే ప్రోగ్రాము; ఒక్కో చెయిన్‌లో విడిగా పెట్టాల. ఆర్బిట్రమ్‌లో ఆ అడ్రసు దగ్గర ఇంకా ఏమీ లేకపోవచ్చు. 2022లో ఆప్టిమిజం అనే చెయిన్‌లో దాని 2 కోట్ల ఓపీ టోకెన్లు ఇట్లాంటి ఖాళీ అడ్రసుకే వెళ్లాయి. ఇంకెవరో ముందుగా అక్కడ కాంట్రాక్టు పెట్టి లాగేసుకున్నారు. ముందు ఆర్బిట్రమ్‌లో సేఫ్ డిప్లాయ్ చేసి (అంటే అక్కడ పెట్టి), ఓనర్లు, సంతకాల లెక్క సరిచూడండి. 5 యూఎస్‌డీసీ పంపి, దాన్ని మళ్లీ బయటికి కూడా పంపి చూడండి. వచ్చినంత మాత్రాన తీయగలమని కాదు. గ్యాస్‌కి, అంటే లావాదేవీ ఫీజుకి, అక్కడ కొంచెం ఈథర్ ఉండాల.

అప్రూవ్‌లో, అంటే మీ టోకెన్లు తీసుకోడానికి ఇచ్చే అనుమతిలో, అన్‌లిమిటెడ్ వద్దు. యూఎస్‌డీసీకి 6 దశాంశాలు కాబట్టి 40,000కి సంతకం పెట్టే తెరమీద 4 పక్కన పది సున్నాలు కనబడాల. ఒక్కటి ఎక్కువున్నా రిజెక్ట్ కొట్టండి.

అలిపిరి_డెవ్:
బర్న్ అయిపోయి అవతల రాకపోతే?

పాకాల_చైన్:
మామూలు పద్ధతిలో ఎథీరియం ఫైనాలిటీ (లావాదేవీ ఇక మారకుండా ఖాయం కావడం) దాకా ఆగుతుంది, 15 నిమిషాలు అటూఇటూ. అటెస్టేషన్ (బర్న్ జరిగిందని సర్కిల్ ఇచ్చే సంతకం) వచ్చాక కూడా మింట్ కాకపోతే డబ్బు పోయినట్టు కాదు. బర్న్ ట్రాన్సాక్షన్ హ్యాష్‌తో (దాని గుర్తింపు సంఖ్య) అటెస్టేషన్ తెచ్చుకుని ఆర్బిట్రమ్‌లో మీరే క్లెయిమ్ చేసుకోవచ్చు. ఈలోగా సపోర్ట్ అంటూ మెసేజ్ పెట్టేవాడు దొంగే. వచ్చిన టోకెన్ కాంట్రాక్టు అడ్రసు చూడండి: అసలుది సున్నా, ఎక్స్ తర్వాత ఏఎఫ్88తో మొదలవుతుంది. ఎఫ్ఎఫ్970తో మొదలయ్యేది యూఎస్‌డీసీ.ఈ, పాత బ్రిడ్జి చీటీ.