పోర్టు అంటే రేవేనా?

నిన్న ఇక్కడ ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న మంచిది. ఆయన చదువుతున్న ఒక సముద్రయానం కథ అనువాదంలో "కెప్టెన్ ఆజ్ఞాపించగానే ఓడ రేవు వైపు తిరిగింది" అని ఉందట. రెండు పేజీల ముందే ఆ ఓడ నడిసముద్రంలో ఉంది, నేల జాడ లేదు. మరి రేవు ఎక్కడి నుంచి వచ్చింది అని ఆయన సందేహం.

మూలంలో ఉన్న మాట పోర్టు అయివుండాలి. అక్కడ దాని అర్థం ఎడమ. ఓడలో నిలబడి ముందువైపు చూస్తే ఎడమచేతి పక్క పోర్టు, కుడిచేతి పక్క స్టార్‌బోర్డ్. మనిషి వెనక్కి తిరిగి నిలబడినా ఈ పేర్లు మారవు. ఎదురెదురుగా ఉన్న ఇద్దరికి ఎడమ వేరువేరు గాని పోర్టు ఒక్కటే. ప్రమాద సమయంలో "ఎవరి ఎడమ?" అని అడిగే వ్యవధి ఉండదు కాబట్టే నావికులు ఎడమ, కుడి అనే మాటల జోలికి పోరు.

స్టార్‌బోర్డ్‌కూ నక్షత్రాలకూ ఏ సంబంధమూ లేదు. పాత ఇంగ్లీషులో అది చుక్కాని పక్క అని అర్థమిచ్చే మాట. ఉత్తర యూరప్ ఓడలకు వెనుక మధ్యలో చుక్కాని అమర్చడం మొదలుకాక ముందు, కుడిపక్కన ఒక పెద్ద తెడ్డు కట్టి దానితో ఓడను తిప్పేవారు. ఒడ్డుకు చేరినప్పుడు ఆ తెడ్డు నలిగిపోకుండా ఎడమపక్కను గట్టుకు ఆనించి, అటునుంచే సరుకు ఎక్కించేవారు. ఆ పక్కకు మొదట లార్‌బోర్డ్ అని పేరుండేది. స్టార్‌బోర్డ్, లార్‌బోర్డ్! గాలిహోరులో ఈ రెండూ ఒకేలా వినిపిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. బ్రిటిష్ నౌకాదళం 1844లో లార్‌బోర్డ్‌ను తీసేసి పోర్టు అనే మాటనే ఖాయం చేసింది. అమెరికా నౌకాదళం 1846లో అదే దారి పట్టింది. రేవుకు ఆనే పక్క కాబట్టి పోర్టు అయిందని ఎక్కువమంది చెప్పే వివరణ. సరుకు ఎక్కించే ద్వారం ఆ పక్కన ఉండేది కనుక ఆ పేరు వచ్చిందని మరో వివరణ.

విశాఖవాసులు దీన్ని కళ్లారా చూడవచ్చు. రాత్రిపూట నడిచే ఓడకు ఎడమపక్కన ఎర్రదీపం, కుడిపక్కన ఆకుపచ్చ దీపం వెలుగుతాయి. లోపలి హార్బరుకు వెళ్లే సన్నని కాలువకు దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ, ఉత్తరాన పాతనగరం. చీకటి పడ్డాక పాతనగరం వైపు ఒడ్డున నిలబడి చూడండి. సముద్రంలోకి వెళ్లే ఓడ ఎడమపక్క మనవైపు ఉంటుంది కాబట్టి ఎర్రదీపం కనిపిస్తుంది. లోపలికి వచ్చేదైతే ఆకుపచ్చ దీపం కనిపిస్తుంది. ఓడ ఆకారం తెలియనంత చీకటిలోనూ అది వస్తోందో పోతోందో ఆ రంగే చెబుతుంది.

అనువాదకులకు ఇంకొక చిక్కు ఉంది. 1930ల వరకూ బ్రిటిష్ వాణిజ్య ఓడల్లో చుక్కాని ఆజ్ఞలు తలకిందులుగా ఉండేవి. స్టార్‌బోర్డ్ అని ఆజ్ఞ ఇస్తే చుక్కాని పిడిని కుడికి నెట్టమని అర్థం. పిడి కుడికి పోతే ఓడ ఎడమకు తిరుగుతుంది. 1912లో మంచుకొండ కనబడినప్పుడు టైటానిక్ మీద వినబడిన ఆజ్ఞ స్టార్‌బోర్డ్ అనే. ఓడ తిరిగింది మాత్రం పోర్టు వైపు. కాబట్టి పాతకథను తెలుగులోకి తెచ్చేవారు నిఘంటువు చూసి ఊరుకుంటే చాలదు, కథ జరిగిన కాలాన్ని కూడా చూడాలి.

"ఇన్ని అర్థాలా! ఇంగ్లీషు పేదభాష కాబట్టే ఒకే మాటతో నెట్టుకొస్తోంది" అని మరొక సభ్యురాలు రాశారు. నేను ఒప్పుకోనండీ. చీర పట్టూ, మొండిపట్టూ, కుస్తీపట్టూ మనల్ని ఎన్నడైనా తికమక పెట్టాయా? పైగా పోర్టు ఒకే మాట కాదు. లాటిన్‌లో రేవును పోర్టుస్ అన్నారు, ద్వారాన్ని పోర్టా అన్నారు, మోయడాన్ని పోర్టారే అన్నారు. మూడూ ఇంగ్లీషుకు చేరేసరికి చివర్లు అరిగి ఒకే రూపానికి వచ్చాయి. ఓడ గోడకుండే గుండ్రటి కిటికీ పోర్ట్‌హోల్, ఫోను చార్జింగ్ పోర్టు, కంప్యూటర్ పోర్టు ద్వారం సంతతి. పోర్టర్, పోర్టబుల్, ట్రాన్స్‌పోర్ట్ మోత సంతతి. కవాతులో తుపాకీని ఛాతీకి అడ్డంగా ఎత్తి పట్టమనే ఆజ్ఞ కూడా మోతదే. పోర్టు అనే మద్యం పేరు మాత్రం పోర్చుగల్‌లోని పోర్టో అనే రేవునగరానిది. పోర్టర్ అనే మాటలోనే ఇద్దరున్నారు. రైల్వేస్టేషనులో సామాను మోసే పోర్టర్ వేరు, పాత ఇంగ్లీషు నవలల్లో గుమ్మం కాసే పోర్టర్ వేరు.

ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ విషయంలో మన ఊళ్లో చాలామంది పొరబడతారు. ఇనుప ఖనిజం పోర్టు మీదుగా వెళ్తుంది కాబట్టి ఎక్స్‌పోర్ట్, బొగ్గు పోర్టులో దిగుతుంది కాబట్టి ఇంపోర్ట్ అనుకుంటారు. నిజానికి వీటి మూలం మోయడమే. లోనికి మోస్తే ఇంపోర్ట్, బయటికి మోస్తే ఎక్స్‌పోర్ట్. సముద్రమే లేని దేశానికీ ఎగుమతులు, దిగుమతులు ఉంటాయి కదా. ఫోను నంబరును ఒక కంపెనీ నుంచి మరొకదానికి మార్చుకుని "పోర్ట్ అయ్యాను" అంటున్నామే, అదీ ఈ కుదురుదే. 2011 జనవరి 20న ఆ సదుపాయం దేశమంతటికీ వచ్చాక ఈ అర్థం తెలుగులో పాతుకుపోయింది. నంబరును మోసుకుపోవడం అన్నమాట.

ఇక అసలైన రేవు అర్థానికి వద్దాం. పోర్టు, హార్బరు ఇంగ్లీషులో ఒకటి కావు. అలల నుంచి ఓడకు రక్షణ ఇచ్చే నీటితావు హార్బరు. సరుకులు ఎక్కీ దిగే చోటు పోర్టు. తెలుగులో ఇంతకంటే చక్కని జంట ఉంది, వాడుకలో కలిపేస్తున్నాం. నౌకాశ్రయంలో ఆశ్రయం ఉంది, కాబట్టి అది హార్బరుకే సరిగ్గా సరిపోతుంది. రేవు అంటే దిగే చోటు, ఎక్కే చోటు. చాకిరేవుకీ పడవరేవుకీ ఆశ్రయంతో పనిలేదు. విశాఖ చరిత్రే ఇందుకు సాక్ష్యం. ఇప్పటి పోర్టు కట్టకముందు ఓడలు సముద్రంలోనే లంగరు వేస్తే, సరుకును పడవల్లో ఒడ్డుకు చేర్చేవారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలి హార్బరులోకి వచ్చింది. అంతవరకూ మనకు రేవు ఉంది, నౌకాశ్రయం లేదు. పత్రికల్లో ఈ రెండు మాటలనూ విడివిడిగా వాడితే ఎంత బాగుంటుందో!

నాకు అన్నిటికంటే ఇష్టమైనది చివరికి ఉంచాను. పోర్టుస్, పోర్టా, పోర్టారే మూడింటికీ వెనుక దాటడం అనే అర్థమున్న ఒకే ప్రాచీన ధాతువు ఉందని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. సంస్కృతంలో అవతలి ఒడ్డు అనే అర్థంలో ఉన్న పారం ఆ కుటుంబానిదే. అవతలి ఒడ్డు లేనిది అపారం. ఆ ఒడ్డుకు చేరినవాడు పారంగతుడు. పోర్టుకూ పారంగతుడికీ చుట్టరికం ఉందంటే నాకు ఎప్పటికీ సంబరమే.

ప్రశ్న అడిగిన మిత్రుడికి నా సలహా: ఆ వాక్యాన్ని "ఓడ ఎడమకు తిరిగింది" అని చదువుకోండి. అనువాదం చేసేవారు ఓడ భాగాల గురించి రాసేటప్పుడు ఎడమపక్క, కుడిపక్క అంటే చాలు. సంభాషణల్లో మాత్రం పోర్టు, స్టార్‌బోర్డ్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట అర్థం చెప్పండి. ఈ బృందంలో జాలరిపేట, మంగమారిపేట, భీమిలి వారు ఉన్నారు. మీ ఇళ్లల్లో పెద్దవాళ్లు తెప్పకు ఆ పక్కనూ ఈ పక్కనూ ఏ పేర్లతో పిలుస్తారో అడిగి ఇక్కడ రాయండి. అవి దొరికితే అనువాదాల్లో ముందుగా వాడవలసినవి అవే.