అప్‌డేట్: మలుపులో బండి బయటికి పోతోందని అడిగింది నేనే

పోయిన నెల అడిగాను కదా, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో బైకు నడుపుతుంటే మలుపు మధ్యకొచ్చేసరికి బండి బయటికి పోతోంది, భయమేసి థ్రాటిల్ (యాక్సిలరేటర్) మూసేస్తున్నా అని. మళ్లీ వెళ్లొచ్చాను. చాలామంది టైర్లు మార్చమన్నారు, ఒకాయన మాత్రం "ముందు చేతులు వదులు చెయ్యి తమ్ముడూ" అన్నారు. తప్పు అక్కడే ఉంది.

నేను సీటు మీద పక్కకి జరుగుతున్నాను గానీ బండి వాలాక జరుగుతున్నాను, అదీ హ్యాండిల్ పట్టుకుని వేలాడుతూ, అంటే తిరగాల్సిన బండిని నేనే బిగపట్టి ఆపుతున్నానన్నమాట. ఈసారి బ్రేక్ పట్టకముందే సగం పిరుదు బయటికి జరిపి, బయటివైపు మోకాలు ట్యాంకుకి గట్టిగా ఆనించి, మోచేతులు వదులుగా ఉంచాను. దానంతటదే తిరిగింది!

థ్రాటిల్ వాలాక కాగితం మందం తెరిచి, అక్కణ్ణుంచి మెల్లగా పెంచుకుంటూ పోయాను. టక్కున మూస్తే బరువంతా ముందు టైరు మీద పడి బండి కుదుపుతుంది, తొందరపడి ఎక్కువ తెరిచినా మళ్లీ బయటికే.

మోకాలి స్లైడర్లు (మలుపులో మోకాలు నేలకి తగిలితే రాసుకోడానికి సూట్‌కి ఉండే ముక్కలు) ఇంకా నేల తగలక కొత్తవాటిలా మెరుస్తున్నాయి, నవ్వకండి. తొడలైతే రెండు రోజులు మెట్లు దిగనివ్వలేదు.