నెట్ సెంటర్ సిస్టమ్‌లో పాత ఫైళ్లు వాటంతట అవే డిలీట్ అయ్యేట్టు పెట్టొచ్చా?

పాతబస్టాండ్ నెట్: అన్నా, కర్నూలులో చిన్న నెట్ సెంటర్ నాది. 256 జీబీ ఎస్ఎస్‌డీ, సీ డ్రైవ్ నిండిపోయి ఎర్రగా అయిపోయింది. డౌన్‌లోడ్స్‌లో జనాల ఆధార్లు, పాస్‌బుక్కులు, హాల్ టికెట్లు వేలల్లో ఉన్నాయి. పాత ఫైళ్లను దానంతట అదే తీసేసే స్టోరేజ్ సెన్స్ ఆన్ చేసి 30 రోజులు పెడదామనుకుంటున్నా, ఏమన్నా ఇబ్బందా?

అనంత సిస్టమ్స్: ఏం భయం లేదు తమ్ముడూ. విండోస్‌లో 2017 నుంచి ఉంది అది. డౌన్‌లోడ్స్ జోలికి దానంతట అది పోదు, నువ్వే సెట్టింగ్స్‌లో పోయి మార్చాల. నేనైతే ఫర్‌ఫైల్స్ అని, తేదీ చూసి పాత ఫైళ్లు ఏరే కమాండ్‌తో బ్యాచ్ ఫైల్ (కమాండ్లు రాసిన ఫైల్) రాసి, చెప్పిన టైముకు నడిపించే టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టినా, రోజూ రాత్రి నడుస్తాది, మూడేండ్లుగా చెయ్యి పెట్టింది లేదు.

హంద్రీ ఫోటోస్: బ్యాచ్ ఫైల్ మాట ఎత్తొద్దు సామీ. పోయినేడు మా షాపులో పిల్లోడు 30 రోజులు దాటినవి పోయేట్టు అదే పెట్టినాడు. ఒకాయన వాళ్ల నాయన పాత ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఆల్బం చేయమన్నాడు, సాయంత్రం కాపీ చేసుకుని పెన్‌డ్రైవ్ ఖాళీ చేసి ఇచ్చేసినా, పొద్దున చూస్తే ఫోల్డర్‌లో ఏం లేదు. నిన్న కాపీ చేసింది 30 రోజుల పాతది ఎట్లయితాది?

అనంత సిస్టమ్స్: ఫర్‌ఫైల్స్ చూసేది మాడిఫైడ్ డేట్, అంటే ఫైల్‌ను చివరిసారి మార్చిన తేదీ. కాపీ చేస్తే క్రియేటెడ్ డేట్ కొత్తది పడుతాది, మాడిఫైడ్ పాతదే ఉంటాది. తప్పు కమాండ్‌ది కాదు, పని ఫోల్డర్ మీద పెట్టినోళ్లది.

ఏడురోడ్లు కడప: పని ఫైళ్లు డీ డ్రైవ్‌లో పెట్టుకోండప్పా, గొడవే ఉండదు.

హంద్రీ ఫోటోస్: తప్పు ఎవరిదైతేనేం, ఫోటోలు తిరిగొచ్చినాయా? డెల్ కమాండ్‌తో తీసేస్తే రీసైకిల్ బిన్‌కు కూడా పోదు, ఎస్ఎస్‌డీలో ట్రిమ్ అయినాక, అంటే తీసేసిన ఫైళ్ల జాగా తుడిచేసినాక, రికవరీ వాళ్లు కూడా చేతులెత్తేసినారు. 2018 అక్టోబర్‌లో విండోస్ 10 అప్‌డేటే కొందరి డాక్యుమెంట్లు తుడిచేస్తే మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసింది, మరిచిపోయినారా?

అనంత సిస్టమ్స్: అది అప్‌డేట్‌లో బగ్, క్లీనప్‌కు దీనికి సంబంధం లేదు, రెండూ కలపొద్దు. మాడిఫైడ్ డేట్ సంగతి తెలుసుకోకుండా కమాండ్‌ను తిడితే ఎట్లా? ప్రతిదీ దాచిపెట్టుకునే జబ్బు మీ ఫోటోగ్రాఫర్లది.

హంద్రీ ఫోటోస్: జబ్బా? 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ ఊర్లోకి వచ్చినప్పుడు మా స్టూడియో మొత్తం మునిగింది. నెగటివ్‌లు, రెండు హార్డ్ డిస్కులు బురదలో పోయినాయి. ఈరోజుకీ వస్తారు జనం, మా అమ్మ ఫోటో ఏమన్నా ఉందా అన్నా అని. లేదమ్మా అని చెప్పి పంపిస్తే ఆ రాత్రి నాకు నిద్ర పట్టదు. అది నీకేం తెలుసు.

ఆదోని టీచర్: ఇంత సేపూ తేదీల మీదే కొట్లాడుతున్నారు, ఆ ఫైళ్లు ఎవరివో ఒక్కరన్నా అడిగినారా? జిరాక్స్ కోసం ఒక సెంటర్‌కు నా ఆధార్ వాట్సాప్‌లో పంపినా. నాలుగు నెలలకు మళ్లీ పోతే "మీది మా కాడ ఉందిలే మేడమ్" అని టక్కున తీసి చూపించినాడు. వానికి అది సాయం, నాకు వణుకు పుట్టింది. ఎవరెవరు చూసినారో, దాంతో ఎవరైనా సిమ్ తీసుకుంటే ఎవర్ని పట్టుకోవాల? 30 రోజులు ఎందుకు, ప్రింట్ కాంగానే పోవాల.

పాతబస్టాండ్ నెట్: అక్కా, కోడుమూరు దిక్కు నుంచి పెద్దోళ్లు పంట బీమాకు వస్తారు, పాస్‌బుక్ మరిచిపోతారు. నా కాడ ఉంటే బస్సెక్కి మళ్లీ ఊరికి పోయే పని తప్పుతాది, దానికే ఉంచినా.

ఆదోని టీచర్: వాళ్లను అడిగి ఉంచినావా?

పాతబస్టాండ్ నెట్: లేదక్కా.

హంద్రీ ఫోటోస్: ఈ మాట మాత్రం నిజం. నా కాడున్నవి భద్రంగా పెట్టమని వాళ్లే ఇచ్చినవి. ఆధార్ అట్ల కాదు.

అనంత సిస్టమ్స్: పవర్‌షెల్ అని విండోస్‌లోనే ఇంకో కమాండ్ల టూల్ ఉంది, దాంట్లో క్రియేటెడ్ డేట్ చూసేట్టు రాసిస్తా, నిన్న కాపీ చేసింది పోదు.

పాతబస్టాండ్ నెట్: రాసియ్యన్నా. రేపటి నుంచి అడిగే ఉంచుకుంటా, వద్దన్నోళ్లది వాళ్ల ముందరే తీసేస్తా. ఇప్పటికే ఉన్న వేలకు ఎవర్ని అడగాల?

ఆదోని టీచర్: అడిగేదేం లేదు, ఈ రాత్రే తీసెయ్.

హంద్రీ ఫోటోస్: తీసెయ్, కానీ ఒక్కొక్కటి తెరిచి చూసి తీసెయ్ నాయనా. ఆధార్ల మధ్యలో ఎవరిదో ఫోటో ఉండొచ్చు.