హారిసన్ ఫోర్డ్‌ది నిజంగా 'వడ్రంగి నుంచి రాత్రికి రాత్రి స్టార్' కథేనా?

గోదారి_గట్టు
మొన్న ఆఫీసులో మోటివేషన్ సెషన్ పెట్టారు. వచ్చినాయన తెర మీద హాలీవుడ్ హీరో హారిసన్ ఫోర్డ్ ఫొటో వేసి, "ఈయన తలుపులు బిగించుకునే వడ్రంగి. ఒకరోజు డైరెక్టర్ జార్జ్ లూకాస్ కంట్లో పడ్డాడు. అంతే, 'స్టార్ వార్స్'లో హాన్ సోలో అయిపోయాడు" అని చెప్పి అందరి చేతా చప్పట్లు కొట్టించాడు. నాకెందుకో అతకలేదు. నేను ఈయనవి చూసింది నాలుగైదు సినిమాలే. బాగా తెలిసినవాళ్ళు అసలు సంగతి చెప్పండి.

ఊరికే సినిమా డౌట్ కాదు లెండి. నాకు 34. ఉద్యోగం మానేసి పూర్తిగా ఫొటోగ్రఫీలోకి వెళ్దామా అని ఏడాదిగా ఊగుతున్నాను. ఇలాంటి కథలు విన్నప్పుడల్లా ఆ రోజు రాత్రి నిద్ర పట్టదు.

రీలు_డబ్బా
మీకు అతకకపోవడం కరెక్టే. తలుపు నిజమే, వడ్రంగం నిజమే. మధ్యలో పదమూడేళ్ళు మింగేశాడు మీ వక్త.

ఫోర్డ్ పుట్టింది 1942 జూలై 13న, చికాగోలో. విస్కాన్సిన్‌లోని రిపన్ కాలేజీలో తత్వశాస్త్రం చదువుతూ, బిడియం పోతుందేమోనని నాటకం క్లాసులో చేరాడు. డిగ్రీ పూర్తి కాలేదు. 1964లో లాస్ ఏంజెలెస్ వచ్చి, కొలంబియా స్టూడియోలో వారానికి 150 డాలర్ల జీతానికి కుదిరాడు. అప్పట్లో స్టూడియోలు కుర్రాళ్ళను అలా నెలజీతగాళ్ళలాగే పెట్టుకునేవి. 1966లో మొదటి వేషం, హోటల్లో సామాన్లు మోసే కుర్రాడు. టైటిల్స్‌లో పేరు కూడా వేయలేదు.

ఆ వేషం గురించి ఫోర్డే చెప్పే కథ ఒకటుంది. స్టూడియో పెద్దమనిషి పిలిచి, "టోనీ కర్టిస్ మొదటి సినిమాలో కిరాణా సరుకులు తెచ్చిచ్చాడు, చూడగానే స్టార్ అని తెలిసిపోయింది, నీలో అది లేదు" అన్నాడట. "చూడగానే సరుకులు తెచ్చిచ్చేవాడు అనిపించాలి కదండీ?" అన్నాడట ఈయన. తర్వాత ఆ స్టూడియోలో ఎక్కువ కాలం నిలవలేదు. యూనివర్సల్‌కి వెళ్ళి టీవీలో 'గన్‌స్మోక్', 'ఐరన్‌సైడ్' లాంటి వాటిలో చిల్లర వేషాలు వేశాడు.

వడ్రంగం వచ్చింది ఇక్కడ. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. కొనుక్కున్న పాత ఇంటికి రిపేర్లు చేయాలి. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని నేర్చుకున్నాడు. 1970లో బ్రెజిల్ సంగీతకారుడు సెర్జియో మెండెస్‌కి ఇంటి దగ్గర రికార్డింగ్ స్టూడియో కట్టిపెట్టాడు. ఆ పనివాళ్ళతో కలిసి చొక్కా లేకుండా నిలబడ్డ ఫొటో ఇప్పటికీ తిరుగుతూ ఉంటుంది.

అసలు పాయింట్ ఇదీ. లూకాస్ ఆయన్ని 'కనిపెట్టడం' 'స్టార్ వార్స్' ఆడిషన్లప్పుడు, 1975లో జరగలేదు. 1973లోనే లూకాస్ తీసిన 'అమెరికన్ గ్రాఫిటీ'లో కారు పందెం కట్టే బాబ్ ఫాల్ఫా వేషం వేశాడు. 1974లో ఇంకో డైరెక్టర్ కొప్పోలా తీసిన 'ద కాన్వర్సేషన్'లోనూ ఉన్నాడు. ఇద్దరికీ బాగా తెలిసిన మనిషే. తలుపు బిగించింది కూడా ఎవరో పరాయివాళ్ళకి కాదు, ఆ కొప్పోలా ఆఫీసుకే.

పైగా 'స్టార్ వార్స్'కి గ్రాఫిటీలో చేసినవాళ్ళు వద్దు, కొత్త మొహాలు కావాలని లూకాస్ పట్టుదల. ఆడిషన్‌కి వచ్చేవాళ్ళకి ఎదురు డైలాగులు చదవడానికి మాత్రమే ఫోర్డ్‌ని కూర్చోబెట్టుకున్నాడు. విని విని, వీడికంటే ఎవరూ బాగా చదవడం లేదే అనిపించింది. 1977 మే 25న సినిమా వచ్చేనాటికి ఆయనకి 35 నిండబోతున్నాయి.

ఉలి_సుత్తి
మాది వడ్రంగం ఇల్లు. నాన్న, పెదనాన్న అదే పని. నేను ఇంటీరియర్స్ చేయిస్తుంటాను. ఫోర్డ్ సినిమాల్లో నేను మళ్ళీ మళ్ళీ చూసేది 'విట్‌నెస్' (1985), అదీ ఊరంతా కలిసి పశువుల కొట్టం నిలబెట్టే సీను కోసం. చాలామంది హీరోలు సుత్తిని తల దగ్గర పట్టుకుంటారు. ఈయన పిడి చివర పట్టుకుని, దాని బరువుతోనే దెబ్బ పడనిస్తాడు. పని వచ్చిన చెయ్యి అది. నాన్నకి ఇంగ్లీషు ముక్క రాదు, ఆ సీను చూపిస్తే "వీడెవడ్రా, మనోడిలా ఉన్నాడు" అన్నాడు.

ఆయనకి ఉత్తమ నటుడిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది కూడా ఆ ఒక్క సినిమాకే. ఏ విభాగంలో చూసినా జీవితం మొత్తానికి అదొక్కటే!

గోదారి_గట్టు గారూ, వడ్రంగాన్ని ఎవరో 'కష్టాల రోజులు' అన్నట్టు చెబుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. చేతిలో ఆ పని ఉంది కాబట్టే దిక్కుమాలిన టీవీ వేషాలకి వద్దని చెప్పగలిగాడు. బియ్యం ఖర్చు రంపం చూసుకునేది, నటన తన టైంకి వచ్చింది.

చిన్నక్క_బాల్టిమోర్
ఉలి_సుత్తి గారి మాట ఒప్పుకుంటూనే ఒకటి అడుగుతాను. ఆ రోజుల గురించి ఇంత చెప్పుకుంటాం కదా, ఇంట్లో ఆ ఇద్దరు పిల్లలతో ఉన్న మనిషి పేరు ఎవరైనా తీస్తారా? మేరీ మార్క్వార్ట్. పెళ్ళి 1964లో, విడాకులు 1979లో. అంటే వేషాల్లేని రోజులన్నీ ఆమెతో గడిచాయి, వెలుగు వచ్చిన రెండేళ్ళకి విడిపోయారు. తప్పెవరిదో మనకి తెలియదు, అది మన పని కాదు.

మా ఆయన స్టార్టప్ అని మూడేళ్ళు జీతం లేకుండా తిరిగారు. ఇన్సూరెన్స్ నా ఉద్యోగం మీద, పిల్లాడి స్కూలు నా మీద, అత్తయ్య గారి మందులు నా మీద. స్టార్టప్ మూతపడింది, అది వేరే కథ. 34 ఏళ్ళ తమ్ముడూ, ముందు ఇంట్లో కూర్చుని కాగితం మీద లెక్క రాసుకో.

గోదారి_గట్టు
అక్కా, మీరన్నది గుచ్చుకుంది. మా ఆవిడకి ఇంకా పూర్తిగా చెప్పలేదు, నిజం.

తిట్టను_గానీ
అంతా బాగుంది గానీ, అదృష్టం అస్సలు లేదన్నట్టు మాట్లాడుతున్నారు. ఇండియానా జోన్స్‌గా మొదట ఎంచుకున్నది టామ్ సెలెక్‌ని. టీవీ సీరియల్ ఒప్పందం వల్ల ఆ టీవీ వాళ్ళు ఆయన్ని వదల్లేదు, అలా పాత్ర ఫోర్డ్‌కి వచ్చింది. ఇది అదృష్టం కాక మరేంటి? ఇక ఫ్రెడ్ రూస్ అనే కాస్టింగ్ పెద్దమనిషి. గ్రాఫిటీలో పెట్టిందీ ఆయనే, స్టార్ వార్స్‌కి పట్టుబట్టిందీ ఆయనే. అలాంటి ఒక్కడు లేక ఎంతమంది నటులు వడ్రంగులుగానే మిగిలిపోయారో ఎవరు లెక్కపెట్టారు?

రీలు_డబ్బా
ఒప్పుకుంటాను. కాకపోతే వచ్చినదాన్ని ఏం చేసుకున్నాడన్నది కూడా చూడాలి. 1981లో వచ్చిన మొదటి ఇండియానా జోన్స్ సినిమా 'రైడర్స్'లో కత్తి తిప్పే భారీ మనిషిని తుపాకీతో ఒక్క దెబ్బకి లేపేసే సీను గుర్తుందా? అక్కడ పెద్ద పోరాటమే రాసుకున్నారు. ట్యునీషియాలో షూటింగ్, ఈయనకి రక్తవిరేచనాలు. రోజంతా కొరడా తిప్పే ఓపిక లేక "కాల్చి పారేద్దాం" అన్నాడు. ఆ సినిమాలో జనం ఎక్కువ నవ్వింది అక్కడే.

బెజవాడ_బాబ్జీ
ఇండియానా జోన్స్ మాట వచ్చింది కాబట్టి నా కడుపుమంట కూడా వినండి. 'టెంపుల్ ఆఫ్ డూమ్' (1984). కోతి మెదడు, కళ్ళు తేలే సూపు... మన రాజుల విందంటే వాళ్ళకి కనిపించింది అదా? మన ప్రభుత్వం స్క్రిప్టు చూసి మార్పులు అడిగింది, వీళ్ళు ఒప్పుకోక శ్రీలంక పోయి కాండీ దగ్గర తీసుకున్నారు. తర్వాత ఇక్కడ కొంతకాలం నిషేధం కూడా పెట్టారు. నేను హాస్టల్లో మొదటిసారి చూసినప్పుడు సగంలో లేచి వెళ్ళిపోయాను.

కాండీ_యాత్రికుడు
బాబ్జీ గారూ, కోపం న్యాయమే. నేను 2019 జనవరిలో కాండీ వెళ్ళినప్పుడు ఆ సినిమాలోని తాళ్ళ వంతెన ఎక్కడో చూపించమని డ్రైవర్‌ని అడిగాను. విక్టోరియా ఆనకట్ట కట్టిన చోటే దాన్ని వేశారట, ఇప్పుడేమీ లేదు. ఆయన చిన్నప్పుడు షూటింగ్ చూడ్డానికి నడిచి వెళ్ళాడట. హీరో కనిపించాడా అంటే, "ఏనుగులు కనిపించాయి" అన్నాడు.

ఆ ఏనుగుల మీద స్వారీలతోనే ఫోర్డ్ నడుము దెబ్బతింది. ఆపరేషన్‌కి లాస్ ఏంజెలెస్ వెళ్ళాడు. ఆ గ్యాప్‌లో స్టంట్‌మ్యాన్ విక్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆయన బదులు చాలా షాట్లు లాగించాడు. వెనక నుంచి చూస్తే ఇద్దరికీ తేడా తెలియదు.

బెజవాడ_బాబ్జీ
ఆ సినిమాలో నాకు నచ్చింది ఒక్కటే, అమ్రిష్ పురి. విలన్ మోలా రామ్ వేషం కోసం గుండు కొట్టించుకుని, తర్వాత కూడా అదే ఉంచేసుకున్నాడు. ఆ గుండే మనకి 'జగదేకవీరుడు అతిలోకసుందరి'లో మాంత్రికుడై వచ్చింది. ఇంకా వింత, 'ఆదిత్య 369'లో ఆయన పురాతన వస్తువులు కొట్టేసే దొంగ. ఇండియానా జోన్స్ వెంటపడాల్సిన మనిషి, బాలకృష్ణకి దొరికాడు 😄

షార్లెట్_సుబ్బు
నార్త్ కరోలినాలో ఉండేవాళ్ళకి ఒక చిట్కా. బ్రైసన్ సిటీ నుంచి గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ రైలెక్కి డిల్స్‌బరో వైపు వెళ్తే, 'ద ఫ్యూజిటివ్' (1993)లో ఢీకొన్న రైలు, బస్సు తుప్పుపట్టి అక్కడే పడి ఉంటాయి. గ్రాఫిక్స్ కాదు, నిజం రైలునే గుద్దించారు. మా నాన్నగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. ప్రకృతి అందాలు చూస్తారని తీసుకెళ్తే, కొండలూ నదీ వదిలేసి ఆ శిథిలం దగ్గర మెడ తిప్పి తిప్పి చూశారు. "ఒక్క టేకులో చేసుంటారు, రెండోదానికి ఇంజన్ ఎక్కడుంటుంది" అని దారంతా అదే మాట.

ఆ సినిమాలో ఫోర్డ్ వేసిన డాక్టర్ కింబుల్ కుంటుతూ పరిగెత్తడం నటన అనుకునేవాణ్ణి. అడవి సీన్లలో మోకాలి లిగమెంట్ దెబ్బతింటే, షూటింగ్ అయ్యేదాకా ఆపరేషన్ వాయిదా వేశాడట. ఆస్కార్ మాత్రం ఆయన వెంటబడే అధికారిగా వేసిన టామీ లీ జోన్స్‌కి వచ్చింది.

రెక్కలగుర్రం
విమానాల సంగతి ఎవరూ చెప్పలేదు. రిపన్‌లో చదివే రోజుల్లోనే విమానం నడపడం మొదలుపెట్టాడు. గంటకి 15 డాలర్లు కట్టలేక మానేశాడు. మళ్ళీ నేర్చుకున్నది యాభై దాటాక! వ్యోమింగ్‌లో సొంత హెలికాప్టర్‌తో కొండల్లో తప్పిపోయినవాళ్ళని వెతకడానికి వెళ్ళేవాడు. 2001లో 13 ఏళ్ళ స్కౌట్ కుర్రాణ్ణి అలాగే కనిపెట్టాడు.

2015 మార్చి 5న శాంటా మోనికాలో గాల్లోకి లేచిన కాసేపటికే ఇంజన్ ఆగిపోయింది. 72 ఏళ్ళ మనిషి, పాత కాలం శిక్షణ విమానం. ఇళ్ళ మీద పడకుండా గోల్ఫ్ మైదానంలో దించాడు. తుంటి దగ్గరా చీలమండా విరిగాయి, బతికాడు. 2017లో మాత్రం రన్‌వే బదులు ట్యాక్సీవే (విమానాలు రన్‌వేకి వెళ్ళొచ్చే పక్కదారి) మీద దించి తలవంపులు తెచ్చుకున్నాడు, ఒక ప్రయాణికుల విమానం మీదుగా వెళ్ళి మరీ. టవర్‌కి తనే ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాడు.

నేను డ్రైవింగ్ నేర్చుకుంటున్నది 47లో. క్లచ్ దగ్గరే ఆగిపోయినప్పుడల్లా ఈయన్ని తలచుకుంటాను.

తిట్టను_గానీ
విమానాలు సరే, 2014లో 'స్టార్ వార్స్' సెట్లో తలుపు మీదపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇంగ్లండ్ కోర్టు నిర్మాణ సంస్థకి 16 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. తలుపుతో మొదలైన మనిషిని చివరికి తలుపే కొట్టింది.

ఉలి_సుత్తి
హైడ్రాలిక్ తలుపది. ఆయన బిగించి ఉంటే పడేది కాదు.

గోదారి_గట్టు
😂 అందరికీ థాంక్స్. నిన్న రాత్రి ఇంట్లో కూర్చుని మాట్లాడాం. ఆవిడ అరిచింది, తర్వాత తనే పెన్ను తెచ్చింది. ప్రస్తుతానికి ఉద్యోగం మానడం లేదు. ఈ ఏడాది శని, ఆదివారాలు పెళ్ళిళ్ళు ఒప్పుకుంటాను. కార్తీకంలో రెండు బుకింగ్స్ అప్పుడే వచ్చాయి. ఒకటి మా మరదలిదే కాబట్టి డబ్బులు రావు.

ఇంతకీ ఫోర్డ్‌దే 'బ్లేడ్ రన్నర్' చూద్దామని కూర్చుంటే రకరకాల వెర్షన్లు కనిపిస్తున్నాయి. ఏది చూడాలి?

రీలు_డబ్బా
2007లో వచ్చిన ఫైనల్ కట్ చూడండి. 1982లో థియేటర్లలో వేసినదాంట్లో ఫోర్డ్ గొంతుతో వ్యాఖ్యానం ఉంటుంది, ఇష్టం లేకుండా చదివాడని వింటేనే తెలిసిపోతుంది. దీపాలు ఆర్పేసి చూడండి, ఫోన్ పక్క గదిలో పెట్టి.

చిన్నక్క_బాల్టిమోర్
ఆవిడతో కలిసి చూడు, తమ్ముడూ.