ఇంటర్ అయిన పిల్ల జపనీస్ డిగ్రీ చేస్తానంటోంది: ఒప్పుకోవాలా, ఇంజినీరింగ్‌లో చేర్చాలా?

కావలి మేనమామ (ఆదివారం, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. మా అక్క చిన్నకూతురు ఈ ఏడాది ఎంపీసీతో ఇంటర్ పూర్తి చేసింది. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకుకి నెల్లూరు చుట్టుపక్కల కాలేజీలో సీఎస్ఈ వస్తుంది. పిల్లేమో హైదరాబాదు ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ) జపనీస్ ఆనర్స్ చేస్తానని పట్టుబట్టింది. సీటు కూడా వచ్చింది. ఇది నిన్న మొన్న పుట్టిన మోజు కాదు. ఎనిమిదో తరగతి సెలవుల్లో మద్రాసులో పిన్ని ఇంటికి పోయి, నెల తిరిగేలోపు తమిళం బస్సు బోర్డులు చదవడం నేర్చుకొచ్చింది. తర్వాత జపాన్ కార్టూన్లు చూస్తూ హిరగానా, కటకానా అనే జపనీస్ లిపులు రెండూ సొంతంగా దిద్దింది. దేశాలు తిరగాలి, తిరగడమే ఉద్యోగంలో భాగం కావాలి అంటుంది.

మా బావ మూడు రోజులుగా ఇంట్లో మాట్లాడటం లేదు. "భాష కూడు పెడుతుందా?" ఇదే ఆయన ప్రశ్న. ఫీజు కట్టడానికి శుక్రవారం దాకా టైముంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

పెన్నాగట్టు (9:32)

మేనమామ గారూ, దాపరికం లేకుండా చెబుతాను. ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో చేసి రిటైరయ్యాను. చదువుల లోన్లు ఎన్నో నా చేతి మీదుగా పోయాయి. బీటెక్ పిల్లకు ఒకచోట ఉద్యోగం రాకపోతే ఇంకో పదిచోట్ల రాసుకుంటుంది. జపనీస్ బీఏ పిల్ల ఎక్కడ రాసుకుంటుంది? పైగా ఇప్పుడు ఫోన్ ముందు తెలుగులో మాట్లాడితే అదే జపనీస్‌లో పలుకుతోంది. జేబులో దుబాసి ఉండగా జీతమిచ్చి ఇంకో దుబాసిని పెట్టుకునేదెవరు? భాష ఇష్టమైతే సాయంత్రం పూట నేర్చుకోమనండి. తిరగడం ఇష్టమైతే సంపాదించి తిరగమనండి. రెండు ఇష్టాలు కలిపితే ఒక ఉద్యోగం అయిపోదు.

కరివేపాకు (9:40)

పెన్నాగట్టు సార్ చెప్పిందే కరెక్ట్.

నల్లరాయి (10:05)

జేబులో దుబాసి అన్నారు కాబట్టి చెబుతున్నాను. మాది చీమకుర్తి. బ్లాక్ గెలాక్సీ రాయి, అదే నల్లరాయిలో బంగారు చుక్కలుండేది, మా దగ్గరే తీస్తారు. చైనా నుంచి బయ్యర్లు వచ్చి యార్డులో బ్లాకు బ్లాకూ చూసి గుర్తు పెట్టుకుంటారు. రెండేళ్ళ కిందట ఒకాయన దుబాసి లేకుండా ఫోన్ పట్టుకొని వచ్చాడు. ఒక బ్లాకు దగ్గర నిలబడి ఫోన్లో ఏదో చెప్పాడు. "రాయిలో గీత ఉంది" అని పలికింది ఫోను. మా దగ్గర గీత అంటే పగులు. మా సూపర్‌వైజర్ రాయి మీద బక్కెట్ నీళ్ళు పోసి చూపించాడు. పగులుంటే రాయంతా ఆరినా ఆ గీత వెంట తడి నిలబడుతుంది. శుభ్రంగా ఆరిపోయింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. మావాడు ఇంకో బక్కెట్ పోశాడు. ఎర్రటి ఎండలో ఇట్టా రెండు గంటలు.

చివరికి ఒంగోలు లాడ్జిలో వేరే పార్టీతో దిగిన దుబాసిని బతిమాలి పిలిపించుకున్నాం. పది నిమిషాల్లో తేల్చాడు. ఆయన అన్నది పగులు గురించి కాదు, చుక్కలు పలచబడిన చార గురించి. పగులైతే బ్లాకు వద్దంటాడు. చారైతే రేటు తగ్గించమంటాడు. లక్షల తేడా. ఆ పూటకు దుబాసికి మేం ఇచ్చింది మా సూపర్‌వైజర్ వారం జీతం కన్నా ఎక్కువ.

పెన్నాగట్టు (10:14)

బాగుంది. అలాంటి పూటలు ఏడాదికి ఎన్ని?

నల్లరాయి (10:16)

సార్, నేను చెప్పిన విషయం అది కాదు.

పెన్నాగట్టు (10:19)

నేను అడిగింది అదే. ఒక పూట కూలి ఎంతైనా ఉండొచ్చు. లోన్ ఇచ్చేవాడు ఏడాది ఆదాయం చూస్తాడు. ఎన్ని పూటలు?

మొలగొలుకులు (10:41)

భాష కూడు పెడుతుందా అన్న మాట నెల్లూరు జిల్లాలో వినాల్సి రావడం బాధగా ఉంది. నేను తెలుగు మాస్టారుగా రిటైరయ్యాను కాబట్టి నాకిది సొంత విషయం. విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు సంస్కృతం నుంచి తెలుగు చేసిన తిక్కన ఈ ఊరివాడు. మనుమసిద్ధి రాజ్యం పోగొట్టుకుంటే ఓరుగల్లు వెళ్ళి, గణపతిదేవుడి కొలువులో మాట్లాడి సాయం తెచ్చాడని చెబుతారు. భాష, ప్రయాణం, రాయబారం మూడూ ఒక్క మనిషిలో చూసిన ఊరిది. ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రాన్ని మైసూరు నుంచి నెల్లూరికే తెచ్చుకున్నాం. ఆ పిల్లను పోనివ్వండి.

పెన్నాగట్టు (10:50)

మాస్టారూ, తిక్కన మనుమసిద్ధి దగ్గర మంత్రి. అంటే పర్మనెంట్ ఉద్యోగం. అనువాదం పక్కన చేసుకున్నాడు. నేను మొదటినుంచి చెబుతున్నదీ అదే.

మొలగొలుకులు (10:54)

అనువాదం అనకండి. మూలాన్ని పెంచాల్సిన చోట పెంచి, తగ్గించాల్సిన చోట తగ్గించి, పాత్రల చేత తెలుగు మాటలు మాట్లాడించాడు. ఆ మాట వెనక్కి తీసుకోండి.

నల్లరాయి (10:58)

తిక్కన ఒక్కడేనా మాస్టారూ? మిగిలిపోయిన అరణ్యపర్వం పూర్తి చేసిన ఎర్రన మావైపు వాడు. అద్దంకి ప్రోలయ వేమారెడ్డి కొలువు. ప్రకాశం జిల్లా అంటే ఎప్పుడూ చిన్నచూపే.

కరివేపాకు (11:02)

ఎర్రన ఏ కాలేజీలో చదివాడో కూడా చెబితే పిల్లకు పనికొస్తుంది 😀

తడ ప్యాసింజర్ (సోమవారం, ఉదయం 6:48)

రైల్లో కూర్చుని రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి. నేను తడ దగ్గర శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఒక కంపెనీలో పనిచేస్తాను. ఇసుజు, కొబెల్కో, డైకిన్ లాంటి జపాన్ కంపెనీలు అక్కడ ఉన్నాయని మీకు తెలిసిందే. జపాన్ ఇంజినీర్లు వచ్చినప్పుడు మీటింగుల్లో, షాప్ ఫ్లోర్‌లో దుబాసీ పని ఉంటుంది. కాబట్టి పని లేదు అనేది తప్పు. కానీ ఆ పిల్లకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది.

జేఎల్పీటీ అని జపనీస్ పరీక్ష. జులైలో, డిసెంబరులో పెడతారు. మనకు చెన్నై సెంటర్ దగ్గర. ఎన్5 అన్నిటికన్నా కింద, ఎన్1 పైన. ఈ పరీక్షలో మాట్లాడే భాగమే లేదు! చదవడం, వినడం, సమాధానం గుర్తు పెట్టడం, అంతే. మద్రాసులో ఒక ఇన్‌స్టిట్యూట్ "ఎన్4 పాసైతే ఉద్యోగం ఖాయం" అని నా దగ్గర అరవై వేలు కట్టించుకుంది. ఎన్4 పాసయ్యాను. ఇంటర్వ్యూలో జపాన్ ఆయన "పొద్దున ఏం తిన్నావు" లాంటిదేదో అడిగాడు. నోరు పెగల్లేదు. దోసె తిన్నానని చెప్పడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. జపాన్ వాళ్ళు కార్మికులకిచ్చే నైపుణ్య వీసాకు భాష వరకు ఎన్4 సరిపోతుంది. నలుగురిలో కూర్చుని ఒకరి మాట ఇంకొకరికి అందించాలంటే ఎన్2 అయినా ఉండాలి. అది రెండు మూడేళ్ళ గొడ్డు చాకిరీ. ఇఫ్లూలో అక్షరాల నుంచి మొదలుపెట్టి మాట్లాడిస్తారు కాబట్టి, సాయంత్రం ట్యూషన్ కంటే అది నయం.

ఇంకో మాట. మా దగ్గర జపనీస్ ఒక్కటే వచ్చినవాళ్ళ కంటే జపనీస్ వచ్చిన మెకానికల్ వాళ్ళకు జీతం ఎక్కువ. ఉన్నమాట చెప్పాలి కదా. గూడూరు వచ్చింది, మళ్ళీ రాస్తా.

పెన్నాగట్టు (7:15)

చూశారా! జపనీస్ వచ్చిన మెకానికల్ వాడు. ముందు ఇంజినీరింగ్, తర్వాత భాష.

నల్లరాయి (7:30)

ఆయన రాసిన ఇరవై లైన్లలో మీకు ఒక్క లైనే కనిపించిందా సార్? 2009లో నేను చైనీస్ నేర్చుకుంటానంటే మా నాన్న కూడా ఇదే మాట. ముందు డిగ్రీ, తర్వాత భాష అన్నాడు. డిగ్రీ అయింది, పెళ్ళయింది, లారీలు లోడ్ చేయించడం అయింది. "తర్వాత" మాత్రం రాలేదు. ఈ రోజుకీ నాకు వచ్చింది నీ హావ్, ఆపైన అంకెలు.

రొయ్యల బాబాయ్ (9:20)

తిరగడమే కావాలంటే హైదరాబాదు దాకా ఎందుకు? కేంద్ర పర్యాటక శాఖ వాళ్ళ ఐఐటీటీఎం మన నెల్లూరులోనే ఉంది. బీబీఏ, ఎంబీఏ ఉన్నాయి. టూరిజం చదివి, పక్కన భాష నేర్చుకోవచ్చు. మా రొయ్యల ఎగుమతుల్లో కూడా, 2025లో అమెరికా సుంకాలు పెంచాక అందరూ కొత్త దేశాల వైపు చూస్తున్నారు. నాలుగు భాషలు వచ్చినవాళ్ళు ఉంటే మంచిదే.

పెన్నాగట్టు (9:41)

టూరిజమా! 2020 మార్చిలో విదేశీ టూరిస్టులు ఆగిపోతే మా తోడల్లుడి కొడుకు, ఫ్రెంచ్ గైడు, మహాబలిపురంలో ఏడాదిన్నర ఖాళీగా కూర్చున్నాడు. ఇప్పుడు మెడికల్ షాపులో ఉన్నాడు. ఫ్రెంచ్ మాట్లాడతాడు, మందుల పేర్లు బాగా పలుకుతాడు.

ప్రిపరేషన్ బ్యాచ్ (10:10)

ఐఎఫ్ఎస్, అదే విదేశాంగ సర్వీసు, ఎవరూ చెప్పలేదేంటి? ఎంపికైనవాళ్ళకు ఒక విదేశీ భాష తప్పనిసరిగా కేటాయించి నేర్పిస్తారు. దేశాలు తిరగడమే ఉద్యోగం. ఏ డిగ్రీ అయినా రాయొచ్చు.

పెన్నాగట్టు (10:15)

ఏ డిగ్రీ అయినా అన్నప్పుడు ఇంజినీరింగ్ చేసే రాయొచ్చుగా. అసలు నేను మర్యాద కోసం అనకుండా ఉన్నాను. ఆడపిల్ల. ఒంటరిగా దేశాలు తిరిగే ఉద్యోగం. రేపు సంబంధం వచ్చి "అమ్మాయి ఏం చేస్తుంది" అంటే, "ఈ నెల టోక్యోలో ఉంది" అని చెప్పాలా?

ఉలవపాడు మామిడి (10:33)

ఆహా, నిన్న రాత్రి నుంచి లోన్లు, పూటలు, మెకానికల్ అంటూ తిప్పి తిప్పి ఇప్పటికి అసలు మాట అన్నారు. ఇదే సీఎస్ఈ చదివి టెక్సాస్ పోతే సంబంధాల వాళ్ళకు గొప్పగా చెప్పుకుంటాం. టోక్యో పోతే మాత్రం తిరుగుబోతు పిల్ల! నేను స్టాఫ్ నర్సుని. జర్మనీలో నర్సు ఉద్యోగానికి జర్మన్ బీ2 దాకా నేర్చుకోవాలి. బీ1 అయ్యాక మా అత్తగారు ఆపించారు. మా ఆయన తమ్ముడు దుబాయ్ పోతానంటే ఆవిడే గాజులు తాకట్టు పెట్టింది.

మీరొకసారి వేరే చర్చలో రాశారు, మీ అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉన్నాడని. ఆయన ఒంటరిగా పోలేదా సార్?

పెన్నాగట్టు (10:36)

నా కొడుకు విషయం ఇక్కడ అనవసరం.

ఉలవపాడు మామిడి (10:37)

మా పెళ్ళిళ్ళ విషయం మీకు అవసరమైనప్పుడు అది కూడా అవసరమే.

కరివేపాకు (10:39)

అమ్మా, నెమ్మదిగా.

పెన్నాగట్టు (11:52)

సరే, అడిగారు కాబట్టి. వాడు పోయి తొమ్మిదేళ్ళు. బీటెక్ చదివే పోయాడు. పోయిన ఏడాది మా ఆవిడకు ఆపరేషన్ అయినప్పుడు సంతకం పెట్టింది నేను, హాస్పిటల్ బయట బెంచీ మీద కూర్చుంది నేను, ఫ్లాస్కు పట్టుకొని కాఫీకి పోయింది నేను. వాడు వీడియో కాల్‌లో ఏడ్చాడు. మంచి పిల్లోడే. వాడిని తప్పు పట్టడం లేదు. ఆ తండ్రి మూడు రోజులుగా ఎందుకు మాట్లాడటం లేదో నాకు తెలుసు, అందుకే రాశాను. కూడు గురించి కాదు ఆయన బెంగ.

కావలి మేనమామ (మధ్యాహ్నం 1:20)

పెన్నాగట్టు గారూ, మీరు రాసింది బావకు చదివి వినిపించాను. లేచి బయటికి పోయాడు. నేను మొదట్లోనే చెప్పాల్సిన విషయం చెప్పలేదు, క్షమించండి. పెద్దపిల్ల పెళ్ళయి డల్లాస్‌లో ఉంది. చిన్నది నెల్లూరులో చదివితే రోజూ కావలి నుంచి రైల్లో పోయి రావచ్చు. నాలుగేళ్ళు ఇంట్లో ఉంటుంది. అసలు లెక్క అది. అక్క నాతో అంది, "ఇది కూడా పోతే ఇంట్లో టీవీ, మేమిద్దరం" అని.

ఉలవపాడు మామిడి (1:34)

ఆ మాట ఆ పిల్లతో చెప్పొచ్చు కదా అన్నా? "భాష కూడు పెట్టదు" అంటే అది వంద ఉదాహరణలు తెచ్చి వాదిస్తుంది. "నువ్వు పోతే మాకు తోచదు" అంటే కనీసం ఏడుస్తుంది. అయినా సీఎస్ఈ చేసినవాళ్ళు కావలిలో ఉద్యోగం చేస్తారా ఏంది? నాలుగేళ్ళ తర్వాత బెంగళూరో డల్లాసో. మీరు కొనుక్కుంటున్నది నాలుగేళ్ళే.

తడ ప్యాసింజర్ (సాయంత్రం 6:55)

ఇంటికి పోతూ రాస్తున్నా. నవ్వుకోకండి, మీ లెక్క ప్రకారమే చూస్తే కావలికి దగ్గరలో ఉండే ఉద్యోగం జపనీస్‌దే. కావలి నుంచి తడ రైల్లో మూడు గంటలు. శనివారం సాయంత్రం ఇంటికి చేరొచ్చు. గ్యారంటీ ఇవ్వలేను, ఎన్2 వస్తేనే. అదీగాక ఆ పిల్లకు తడ కాదు, టోక్యో కావాలి. అది మర్చిపోయి మీరు తడ చూపించి ఒప్పించారంటే రేపు ఇంకో గొడవ.

కావలి మేనమామ (7:30)

అదే ఇప్పుడు జరుగుతోంది. బావ తడ పేరు వినగానే కొంచెం మెత్తబడ్డాడు. పిల్ల "తడకు పోవడానికి జపనీస్ ఎందుకు, రైలెక్కితే చాలు" అంటోంది. ఫీజు గడువు ఇంకా నాలుగు రోజులు.

మొలగొలుకులు (8:05)

తిక్కన విషయంలో నాకు ఇంకా సమాధానం రాలేదు.

నల్లరాయి (8:40)

పెన్నాగట్టు సార్, పొద్దున మీ మాట చదివాక గట్టిగా అనబుద్ధి కాలేదు. కానీ మీరు అడిగిన లెక్క బాకీ ఉండిపోయింది. మధ్యాహ్నం యార్డు రిజిస్టర్ తీశాను. పోయిన ఏడాది దుబాసికి డబ్బిచ్చిన పూటలు పదకొండు.

పెన్నాగట్టు (8:46)

పదకొండే కదా. నేను మొదటినుంచి చెబుతున్నదీ అదే.

నల్లరాయి (8:47)

మా ఒక్క యార్డులో సార్.