హెడ్విగ్‌ను ముంచిన ఘనత ఫిఫీదా, మిమీదా?

కెరటం: మొదటి ప్రపంచ యుద్ధంలో, ఆఫ్రికాలోని టాంగన్యికా సరస్సులో జర్మన్ల చిన్న పడవ కింగానీని బ్రిటిష్ వాళ్లు 1915 డిసెంబరు 26న పట్టుకున్నారు. బాగుచేసి, ముందు వైపు 12 పౌండ్ల గుండు వేసే ఫిరంగి బిగించి, ఫిఫీ అని పేరు పెట్టారు. 1916 ఫిబ్రవరి 9న అదే ఫిఫీ జర్మన్ల మరో పడవ హెడ్విగ్ ఫాన్ విస్‌మాన్‌ను ముంచేసింది. ఘనతంతా ఫిఫీదే అంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

లంగరు: నేను కాదంటానండీ. ఆ రోజు తరిమిన తీరు చూడండి. హెడ్విగ్ వేగం ఎక్కువ. ఫిఫీ ఫిరంగి పేలినప్పుడల్లా ఆ తాకిడికి పడవ నడకే తగ్గిపోయేది. అప్పుడు మిమీ ముందుకు దూసుకెళ్లింది. అది బ్రిటిష్ వాళ్ల 40 అడుగుల మోటారు బోటు, దాని తుపాకీ వేసేది 3 పౌండ్ల గుండు. అది వెంటపడి కాలుస్తుంటే, తిరిగి కొట్టడానికి హెడ్విగ్ పక్కకు మళ్లాల్సి వచ్చింది. ఆ సందులో ఫిఫీ దగ్గరైంది. అసలు కింగానీని పట్టుకున్నదీ మిమీ, దాని జోడు బోటు టూటూలే. కింగానీ తుపాకీ ముందుకే కాలుస్తుందని వెనక నుంచి వెళ్లి కొట్టాయి.

కెరటం: దగ్గరైతే సరిపోతుందా? ఫిఫీలో మూడే గుండ్లు మిగిలాయి. అందులో ఒకటి ఫిరంగిలోనే ఇరుక్కుపోయింది. దాన్ని తీయడానికి 20 నిమిషాలు పట్టింది. ఎదుట శత్రువు, చేతిలో పేలని గుండు, ఎంత టెన్షనో ఆలోచించండి! తర్వాత వేసినవే హెడ్విగ్ పొట్టనీ ఇంజిన్ గదినీ చీల్చాయి. మిమీ తుపాకీతో అయ్యే పనా అది?

రేవు: ఆ ఒక్కరోజుతో తేల్చేస్తే ఎలా? జూన్‌లో సరస్సు ఒడ్డున జర్మన్ల బిస్మార్క్‌బర్గ్ కోట ఫిరంగులు చూసి బ్రిటిష్ పడవల కమాండర్ స్పైసర్ సిమ్సన్ పడవలన్నింటినీ వెనక్కి తిప్పాడు. రాత్రికి జర్మన్లు నాటు పడవల్లో జారుకున్నారు. తీరా చూస్తే అవి చెక్క ఫిరంగులు! జర్మన్ల పెద్ద ఓడ గ్యోట్సెన్ జోలికీ ఆయన పోలేదు. జూలైలో దాన్ని జర్మన్లే ముంచుకున్నారు.

లంగరు: గ్యోట్సెన్ మీదికి ఫిఫీతో వెళ్లకపోవడం పిరికితనం అనను, అది ఎన్నో రెట్లు పెద్దది. బిస్మార్క్‌బర్గ్ సంగతి మాత్రం క్షమించలేను. రాత్రంతా ఒడ్డుకు కాపలా పెట్టి ఉంటే చాలు. ఇంకోమాట. మిమీ, టూటూలు కేప్‌టౌన్ నుంచి రైల్లో వచ్చాక కాంగోలోని మిటుంబా కొండలు దాటాయి. ఆవిరి ఇంజిన్లూ ఎద్దులూ లాగాయంటారు గానీ, అడవి కొట్టి బాట వేసింది వందలమంది ఆఫ్రికన్ కూలీలు. ఘనత లెక్కలో వాళ్లను ముందు రాయండి.

కెరటం: రాస్తాను, అది న్యాయం. మునిగింది మాత్రం ఫిఫీ గుండుకే.