సీఎన్‌జీ పెట్టించాక మినీ ట్రక్ ఘాట్‌లో లాగడం లేదు, ట్యూనింగ్ ఎక్కడ చూడాలి?

కేఆర్ పురం ట్రక్:
అందరికీ నమస్తే. ఉండేది బెంగళూరులో. బీఎస్6 పెట్రోల్ మినీ ట్రక్కుకి ఈమధ్యే సీక్వెన్షియల్ సీఎన్‌జీ కిట్ వేయించాం. సిటీలో బాగానే ఉంది. చిత్తూరు నుంచి మామిడికాయల లోడుతో తిరిగొచ్చేటప్పుడు మొగిలి ఘాట్ అంటేనే టెన్షన్, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా జర్కులు కొడుతూ చెక్ ఇంజిన్ లైటు వేస్తుంది, పెట్రోల్‌కి మారిస్తే మామూలుగా ఎక్కేస్తుంది. స్కానర్ పెడితే పీ0171 అనే ఎర్రర్ కోడ్ వచ్చింది. కిట్ బిగించినవాళ్లేమో "గ్యాస్ అంటే అంతే, పికప్ తగ్గుతుంది" అంటున్నారు. నిజంగా అంతేనా?

పీణ్య గ్యారేజ్:
పికప్ కొంచెం తగ్గడం నిజమే, లోపలికి వెళ్లాల్సిన గాలి చోటు కొంత గ్యాసే ఆక్రమిస్తుంది కదా. కానీ జర్కులకీ లైటుకీ అది సాకు కాదు. 0171 అంటే మిక్స్చర్ లీన్, అంటే గాలికి తగ్గ ఇంధనం అందడం లేదు. చాలాచోట్ల బండి నిలబెట్టి ఐడిల్‌లో ఆటో కాలిబ్రేషన్ కొట్టి తాళాలు చేతిలో పెట్టేస్తారు, లోడు మీద మ్యాప్ (ఏ ఆర్‌పీఎం, ఏ లోడుకి ఎంత గ్యాస్ ఇవ్వాలో చెప్పే పట్టిక) చూసే ఓపిక ఎవరికీ ఉండదు. ల్యాప్‌టాప్ తగిలించి రోడ్డు మీద పెట్రోల్ ఇంజెక్టర్ టైం (ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకోవాలని బండి అడుగుతోందో) చూడమనండి. అదే గేరు, అదే ఆర్‌పీఎం, పెట్రోల్ మీద 8 మిల్లీసెకన్లు ఉన్నది గ్యాస్‌కి మార్చగానే 9.5 అయిందనుకోండి, బండి ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇంకా ఇంధనం కావాలని అడుగుతోందన్నమాట, మ్యాప్‌లో ఆ గడి దగ్గర గ్యాస్ పెంచాలి. తగ్గిందంటే గ్యాస్ ఎక్కువైనట్టు. ఎటు మార్చినా ఆ అంకె దాదాపు కదలకూడదు.

హోసూరు రోడ్ డ్రైవర్:
మ్యాప్ ముట్టుకునే ముందు ప్లగ్గులు విప్పి చూడండన్నా. గ్యాస్ అంటుకోవడానికి స్పార్కుకి ఎక్కువ వోల్టేజీ కావాలి, గ్యాప్ పెద్దదైతే లోడులోనే మిస్ కొడుతుంది. మిస్ కొట్టినప్పుడు కాలకుండా మిగిలిన ఆక్సిజన్ సైలెన్సర్‌లోకి పోతుంది, అక్కడి ఆక్సిజన్ సెన్సర్ దాన్ని కూడా లీన్ అనే చదువుతుంది! మా బండికి గ్యాప్ 0.9 నుంచి 0.7 మిల్లీమీటర్లకి తగ్గిస్తే సగం జర్కులు అక్కడే పోయాయి.

కేఆర్ పురం ట్రక్:
ప్లగ్గులు రేపే చూపిస్తా. టైమింగ్ అడ్వాన్సర్ (స్పార్కుని కాస్త ముందే పడేలా చేసే పరికరం) కూడా వేయించమంటున్నారు, అవసరమా?

పీణ్య గ్యారేజ్:
ప్లగ్గుల మాట కరెక్టే, ముందు అదే చూడండి. సీఎన్‌జీ పెట్రోల్ కంటే నెమ్మదిగా కాలుతుంది, ఆక్టేన్ 120 పైనే, కాబట్టి స్పార్క్ కాస్త ముందు పడితే లాభమే. కానీ లీన్‌గా నడిచే బండికి అడ్వాన్సర్ పెట్టడం డబ్బు దండగ. అదే ఘాట్‌లో రిడ్యూసర్ (సిలిండర్ గ్యాస్ ఒత్తిడిని తగ్గించి ఇంజిన్‌కి పంపేది) ప్రెషర్ కూడా చూడమనండి, ఫుల్ లోడులో అది పడిపోతుంటే ఫిల్టర్ మూసుకుపోయినట్టో రిడ్యూసర్ చాలనట్టో, అప్పుడు మ్యాప్ ఎంత పెంచినా లాభం లేదు. సెట్ అయ్యేదాకా ఘాట్ మాత్రం పెట్రోల్ మీదే ఎక్కండి, లీన్‌లో లోడు లాగిస్తే ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు తినేస్తుంది. వారంటీ ఉండగానే ఆ షాపు కుర్రాణ్ణి ల్యాప్‌టాప్‌తో సహా లోడు బండిలో ఎక్కించుకుని వెళ్లండి, ఖాళీ బండితో పీణ్య చుట్టూ తిప్పితే ఏమీ దొరకదు.